నీటి ఒత్తిడియు పండ్ల రసమును: కలకత్తా చరిత్రలో నొక పార్శ్వము

నీటిని త్రాగుటకును, పైరులకును, పడవ ప్రయాణమునకును వినియోగించుట మానవునకు అనాదిగా తెలిసిన విషయము. పారెడు నీటి వేగముతో చక్రమును త్రిప్పి ధాన్యము విసరుటయు ప్రాచీనమే. కాని, కదలక గొట్టములో నిలిచియున్న నీటి యొత్తిడిని పనిముట్టుగా మలచుకొనుట రెండు శతాబ్దులకు కొంచెము పైబడిన విద్య మాత్రమే. ఆ విద్యా చరిత్రలో కలకత్తా నగరమునకు గణనీయమైన స్థానము కలదు. జనపనార బేళ్ళను బిగించిన యంత్రములు, ఖిద్దిర్‌పూర్ రేవు, తాలా జలాశయము అను మూడును ఒకే సూత్రమునకు మూడు రూపములు. నేడు చిన్న తోటల యజమానులును గృహస్థులును పండ్లరసము తీయుటకు వాడుచున్న నీటితిత్తి ప్రెస్సు ఆ వంశమునకు చెందిన కడగొట్టు బిడ్డ. దాని గుణదోషములను సరిగా తూచవలెనన్నచో ముందుగా దాని పూర్వుల చరిత్ర తెలియవలెను.

పిండుట యను క్రియ మన దేశమున క్రొత్తది కాదు. తెలుగునాట నువ్వులకు గానుగ, చెరకునకు గానుగ, రెండును ఎద్దుల బలముతో తిరిగినవే. చెరకు గానుగలో నిలువుగా నిలిపిన కొయ్య దిమ్మెల నడుమ చెరకు గడలను దూర్చి, కాడికి కట్టిన ఎద్దులను చుట్టును త్రిప్పెడివారు. వంగదేశమందును ఇట్టివే యుండెను. కొయ్య దిమ్మెల నడుమ రసము కొంత పిప్పిలోనే నిలిచిపోవుట ఆనాటి రైతుల కష్టము. 1870వ దశకములో, నాడు కలకత్తా కేంద్రముగా నున్న బెంగాలు పరిపాలనకు లోబడిన షాహాబాదు జిల్లాలోని బిహియాయందు, థామ్సన్, మైల్న్ అను నిరువురు ఆంగ్లేయ వ్యవసాయదారులు ఇనుప రోలరులతో నొక చెరకు మరను తయారుచేసిరి. బిహియా మర యను పేరుతో అది ఉత్తర హిందూదేశమున విస్తారముగ వ్యాపించెను. నేటికిని కోల్‌కతా వీధులలో చెరకురసము అమ్మువారి బండిపై తిరుగుచున్న ఇనుప రోలరులు ఆ మార్గమునకు చెందినవే.

అయితే రోలరు ఒక విధము, ప్రెస్సు మరియొక విధము. రోలరు నలుగగొట్టును, ప్రెస్సు నొక్కి పట్టును. గట్టి నారగల చెరకునకు మొదటిది తగును. ద్రాక్ష, ఆపిలు వంటి మెత్తని పండ్లకు రెండవది తగును. ఐరోపా ఖండమున ద్రాక్షరసము కొఱకు రోమకుల కాలము నుండియు మరచుట్టుగల ప్రెస్సులుండెను. వాటిని బిగించుటకు మనుష్యుల భుజబలము కావలెను. ఆ భుజబలమునకు బదులు నీటిని నిలుపవచ్చునని శాస్త్రరీత్యా సూచించినవాడు ఫ్రెంచి పండితుడు పాస్కలు. ద్రవముల సమతౌల్యమును గూర్చి యాతడు రచించిన గ్రంథము, ఆతడు మరణించిన మరుసటి సంవత్సరమున, అనగా 1663లో ప్రకటింపబడెను. మూసియున్న పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమానముగ ప్రసరించు నన్నది అందలి సారము. ఒక చదరపు అంగుళము వైశాల్యముగల చిన్న ముషలకముపై పది పౌనుల బరువు నుంచినచో, అదే నీటితో కలిసియున్న నూరు చదరపు అంగుళముల పెద్ద ముషలకము వేయి పౌనుల బలముతో పైకి లేచును. బలము పెరిగినంత మాత్రమున శ్రమ తగ్గలేదు. చిన్న ముషలకము నూరు అంగుళములు దిగినగాని పెద్దది ఒక అంగుళము లేవదు. ప్రకృతి ఎవరికిని ఊరక ఏమియు ఈయదు.

ఈ సూత్రమును యంత్రముగ మార్చి 1795లో పేటెంటు పొందినవాడు జోసెఫ్ బ్రామా యను ఆంగ్లేయుడు. ఆతనికి వచ్చిన చిక్కు ఒకటే: ముషలకము చుట్టునున్న సందులోనుండి నీరు కారిపోవుట. సందు బిగించినచో ముషలకము కదలదు. వదులు చేసినచో ఒత్తిడి నిలువదు. ఆతని పనివాడై, తరువాత స్వయముగ ప్రసిద్ధికెక్కిన హెన్రీ మాడ్‌స్లే, గిన్నె యాకారమున తోలుపట్టీని అమర్చి ఈ చిక్కు విడదీసెనని చెప్పుదురు. నీటి యొత్తిడియే ఆ తోలును గోడకు అదిమిపట్టును; ఒత్తిడి పెరిగిన కొలది పట్టును పెరుగును. ఈ తోలుపట్టీ సంగతి జ్ఞాపకముంచుకొనదగినది. రబ్బరుతిత్తి ప్రెస్సులోని విశేషమంతయు ఇచ్చటనే యున్నది.

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ యంత్రము కలకత్తాకు వచ్చుటకు కారణము పండ్లు గావు, జనపనార. 1855లో రిష్రాయందు మొదటి జూటుమిల్లు వెలసెను. మిల్లులకు మాత్రమేగాక, స్కాట్లాండులోని డండీ నగరమునకును నార ఓడలపై ఎగుమతి యగుచుండెను. ఓడలో సరకు ఆక్రమించు చోటును బట్టి కిరాయి కట్టుదురు గనుక, నారను ఎంత చిన్న బేలుగా కుదించిన అంత లాభము. కాశీపూరు, చిత్‌పూరు ప్రాంతములలో నది యొడ్డున జూటు ప్రెస్సు ఇండ్లు వెలసినవి. తొలుత చేతితో త్రిప్పెడి మరచుట్టు ప్రెస్సులు. పిదప ఆవిరి పంపులతో నడచు నీటి ప్రెస్సులు. పక్కా బేలు అని వ్యవహరింపబడిన 400 పౌనుల బేలు అంతర్జాతీయ వ్యాపారమునకు కొలమానమయ్యెను. నేటి 180 కిలోల బేలు దాని వారసురాలే.

ఈ కథలో తెలుగువారి పాత్రయు స్వల్పము కాదు. విశాఖ మండలమున పండు గోగునార భీమునిపట్టణపు రేవు పేరిట బిమ్లీ జూటు అని ప్రపంచ విపణిలో పేరుపొందెను. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో గంజాము, విశాఖపట్టణము జిల్లాల నుండి వేలాది కుటుంబములు బెంగాలు–నాగపూరు రైలుమార్గమున వచ్చి హుగ్లీ తీరమందలి మిల్లులలో పనికి కుదిరినవి. టిటాగఢ్ మున్నగు చోట్ల తెలుగు వాడలు ఏర్పడినది అప్పటినుండియే. పొట్టకూటికి వలసవచ్చిన ఆ శ్రామికుల చెమట బేళ్ళకట్టులో కలసియున్నది.

నీటిని పనికి పెట్టుట ప్రెస్సులతో నాగలేదు. 1846లో విలియం ఆర్మ్‌స్ట్రాంగు అను న్యాయవాది ఇంగ్లాండులోని న్యూకాసిలు రేవున, పట్టణపు మంచినీటి గొట్టములోని ఒత్తిడితోనే నడచు క్రేనును నిలిపెను. కొళాయి నీటితో యంత్రము నడపవచ్చునని లోకమునకు చూపిన దృష్టాంతములలో అది ముఖ్యమైనది. అయితే గృహములలో నీటి వాడకము హెచ్చినపుడు గొట్టములోని ఒత్తిడి తగ్గి క్రేను పని మందగించుటకు అవకాశమున్నది. అందుచేత ఆతడు తరువాతి కాలమున పెద్ద బరువుల క్రింద నీటిని నిలువచేసి ఒత్తిడిని స్థిరముగ నుంచు సాధనమును కల్పించెను. లండనులో ఒక కంపెనీ 1883 నుండి 1977 వరకు థేమ్సు నది నీటిని ప్రత్యేకమైన గొట్టములలో, చదరపు అంగుళమునకు సుమారు 800 పౌనుల ఒత్తిడితో, వీధివీధికిని సరఫరాచేసి లిఫ్టులను, క్రేనులను, నాటకశాలల రంగస్థలములను నడపెను. కలకత్తాలో 1892లో ప్రారంభమైన ఖిద్దిర్‌పూర్ డాకులలో క్రేనులు నడచినదియు నీటి యొత్తిడిచేతనే. ఇచ్చట గమనింపదగిన దొకటి కలదు. యంత్రములకు వాడిన నీరు వేరు, జనులు త్రాగిన నీరు వేరు. ఆర్మ్‌స్ట్రాంగు తొలి క్రేను తరువాత ఇంజనీర్లు క్రమముగ ఈ భేదమును పాటించిరి.

ఇక త్రాగునీటి చరిత్ర. కలకత్తాకు ఉత్తరముగ బారక్‌పూరు చెంత పల్తాయందు హుగ్లీ నీటిని తేర్చి వడగట్టు కర్మాగారము 1870 నాటికి పనిచేయ నారంభించెను. ఆదిలో దినమునకు 60 లక్షల గ్యాలనుల నీరు నగరమునకు చేరెడిది. గొట్టముల నీరు శుచియా, యశుచియా యని సనాతనులలో కొంత చర్చ జరిగినను, కలరా భయము ముందు ఆ చర్చ నిలువలేదు. పల్తా నుండి నీరు బారక్‌పూరు ట్రంకు రోడ్డు వెంట, టిటాగఢ్, పానిహాటి మీదుగా, గొట్టములలో తాలా చేరును. నగరము పెరిగిన కొలది పంపులతో మాత్రమే అన్ని వీధులకును సమానమైన ఒత్తిడిని అందించుట దుష్కరమయ్యెను. అప్పుడు వెలసినది తాలా జలాశయము.

1909 నవంబరు 18న లెఫ్టినెంటు గవర్నరు సర్ ఎడ్వర్డు బేకరు దీనికి శంకుస్థాపన చేసెను. 1911 మే 16న ఇది వాడుకలోనికి వచ్చెను. ఉక్కు స్తంభములపై నిలిచిన యీ చతురస్రపు తొట్టి ప్రక్క ఒక్కొక్కటి 321 అడుగులు. ఎత్తు సుమారు 110 అడుగులు. పట్టు 90 లక్షల గ్యాలనులు. లోపల నాలుగు గదులు కలవు. ఒకదానిని శుభ్రపరచునపుడు తక్కినవి పనిచేయుచునే యుండును. గ్యాలను నీరు పది పౌనులు తూగును గనుక, నిండు తొట్టిలోని నీటి బరువే నలుబది వేల టన్నులు. ఇంతటి భారమును ఆకాశమున నిలిపినది ఒత్తిడి కొఱకే. ఆ యెత్తు లెక్కన, నిండినప్పుడు దాని పాదమున నీటి యొత్తిడి చదరపు అంగుళమునకు 47 లేక 48 పౌనులు, అనగా చదరపు సెంటిమీటరునకు మూడు కిలోలకు కొంచెము పైన.

ఈ సంఖ్యను మనసున నుంచుకొని పండ్ల ప్రెస్సువైపు చూడవలెను. 1951లో జర్మనీ దేశమందలి విల్మెస్ సంస్థవారు, గాలితో ఉబ్బెడు రబ్బరు తిత్తిగల ద్రాక్ష ప్రెస్సును ప్రవేశపెట్టిరి. ఆ భావమునే చిన్నపాటి యంత్రమునకు అనువుగ మార్చి, గాలికి బదులు కొళాయి నీటిని వాడినచో నీటితిత్తి ప్రెస్సు అగును. దాని నిర్మాణము బహు సులభము. చిల్లులుగల స్టెయిన్‌లెస్ ఉక్కు పీపా; దాని నడుమ నిలువుగా గట్టి రబ్బరుతిత్తి; పీపా లోపలి గోడను అంటి వస్త్రపు సంచి. ముందుగా మరలో కచ్చాపచ్చాగా చిదిపిన పండ్లను తిత్తికిని సంచికిని నడుమ నింపి, మూత బిగించి, కొళాయి త్రిప్పవలెను. తిత్తి ఉబ్బును, పండ్లముద్ద గోడకు ఒత్తుకొనును, రసము వస్త్రములో వడగట్టబడి, చిల్లులగుండ పళ్ళెములోనికి దిగును. రసము కారుట నిలిచిన పిమ్మట నీటిని వదలి, మూత తీసి, ఎండిన పిప్పిని దులుపవలెను.

ఇందు రెండు మేళ్ళున్నవి. మొదటిది: జారెడు ముషలకము లేదు గనుక బ్రామాను వేధించిన సందును లేదు, తోలుపట్టీతో పనియు లేదు. తిత్తియే ముషలకము, తిత్తియే పట్టీ. రెండవది: మరచుట్టు ప్రెస్సులో ముద్ద మందముగ నుండుటచే మధ్యనున్న రసము వెలికి వచ్చుటకు దూరము ప్రయాణింపవలెను. ఇచ్చట ముద్ద గోడ చుట్టును పలుచని పొరగా నుండును గనుక, కొద్దిపాటి ఒత్తిడి చాలును. ఇట్టి యంత్రములు సాధారణముగ చదరపు సెంటిమీటరునకు మూడు కిలోల లోపు ఒత్తిడితో పనిచేయును. తిత్తి వైశాల్యము వేయి చదరపు సెంటిమీటర్లైనచో మొత్తము బలము మూడు టన్నులు. ఇది మనుష్యుని చేతికి సాధ్యము కాదు. ఒక కొళాయి పిడికి సాధ్యము. నగరమునకు నీరిచ్చుటకై 1911లో తాలాయందు ఏర్పరచిన ఒత్తిడియు, పండ్లు పిండుటకు చాలిన ఒత్తిడియు ఇంచుమించుగ నొక్కటియే యగుట చరిత్రలోని చిత్రము.

అట్లని నేడు కోల్‌కతాలోని ప్రతి కొళాయియు ఈ యంత్రమును నడపునని తలచుట పొరపాటు. గొట్టములలో ప్రవహించు దూరము పెరిగిన కొలదియు, వాడుకరులు హెచ్చిన కొలదియు ఒత్తిడి సన్నగిల్లును. అందుచేతనే గృహస్థులు నీటిని నేలతొట్టిలో పట్టి, మోటారుతో మేడపైకి ఎక్కించుకొనుచున్నారు. మేడపై తొట్టి పది మీటర్ల ఎత్తున నున్నచో క్రింద లభించు ఒత్తిడి సుమారొక కిలో మాత్రమే. అది చాలదు. అయితే ఒత్తిడి నీటి రాశిని బట్టి కాక, ఎత్తును బట్టి కలుగునని పాస్కలు సూత్రము చెప్పుచున్నది. నలుబది వేల టన్నుల తొట్టి యిచ్చు ఒత్తిడిని అదే యెత్తున నిలిచిన చెంబెడు నీరును ఇయ్యగలదు. ఒక చిన్న పంపును ఇయ్యగలదు. కనుక ఈ యంత్రమునకు నగరము అక్కరలేదు. పీపాయెడు నీరును చిన్న పంపును ఉన్న పల్లెటూరు చాలును.

అయినను యంత్రము ఒక్కటే పరిశ్రమను నిలుపజాలదు. దీనికి కలకత్తా చరిత్రయే సాక్ష్యము. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ పారిశ్రామిక యత్నముల తొలినాళ్ళలో నిమ్మరసము నుండి సిట్రిక్ ఆమ్లమును తయారుచేయ నుద్యమించెను. రసాయనశాస్త్రము ఆతనికి కరతలామలకము. కాని కలకత్తాలో నిమ్మకాయలు చాలినన్నియు, చౌకగను లభింపలేదు. లెక్క చూచుకొని ఆ మార్గమును విడిచి, ఇతర ద్రవ్యముల తయారీకి పూనుకొనెను. ఆతడు స్థాపించిన బెంగాల్ కెమికల్ 1901లో లిమిటెడ్ కంపెనీయై, తరువాత జాతీయ పరిశ్రమలకు మార్గదర్శి యయ్యెను. ఫలమున్నచోటికి యంత్రము పోవలెనుగాని, యంత్రమున్నచోటికి ఫలము రాదన్న పాఠము ఇందు కలదు.

ఏ పండునకు ఏ యంత్రము తగునో కూడ తెలియవలెను. మామిడిపండునకు ప్రెస్సు పనికిరాదు. దానిది రసము గాదు, గుజ్జు. దానికి జల్లెడ యంత్రము వేరు. నిమ్మ, బత్తాయిలను తొక్కతో పిండినచో తొక్కనూనె కలసి చేదెక్కును. జామపండు జిగురు వస్త్రపు కన్నములను మూసివేయును. చెరకునకు రోలరే శరణ్యము. ద్రాక్ష, ఆపిలు, తొక్క తీసి చిదిపిన అనాసపండు ఈ ప్రెస్సునకు తగినవి. వీటితోపాటు చెప్పదగినది తెలుగువారి ఉత్తర సరిహద్దున పండు జీడిమామిడి పండు.

హౌరా నుండి మదరాసు పోవు రైలుమార్గమున పలాస ప్రసిద్ధమైన స్టేషను. ఆ చుట్టుపట్ల ఉద్దానము జీడితోటలకు పేరుపొందినది. రైతు గింజను కోసుకొని, గింజకంటె ఎన్నో రెట్లు తూగు పండును చాలవరకు చెట్టుక్రిందనే విడిచివేయును. పండు రెండు దినములైన నిలువదు. దాని వగరు గొంతును పట్టును. కాని విటమిన్ సి అందు నారింజకంటె అనేక రెట్లు అధికము. తీసిన రసములో కొంచెము సగ్గుబియ్యపు గంజి గాని, అన్నపు గంజి గాని కలిపి నిలువ నుంచినచో వగరు ద్రవ్యము గంజిని పట్టుకొని అడుగునకు దిగును. పైన తేటరసము మిగులును. దానిని వేడిచేసి, వేడిగా నున్నపుడే శుభ్రమైన సీసాలలో పోసి మూసినచో నిలువయుండును. కోసిన దినమే తోటలోనే పిండవలసిన పండు గనుక, విద్యుత్తు కొంచెమున్నచోట పనిచేయు చిన్న ప్రెస్సు దానికి సరిపోవును. పండ్ల ఉత్పత్తులను గూర్చి 1955లో వెలువడిన కేంద్ర ప్రభుత్వపు ఉత్తరువు స్థానమున నేడు 2006 నాటి ఆహార భద్రతా చట్టము అమలులో నున్నది. అమ్మకమునకు తయారుచేయువారు దాని ప్రకారము అనుమతి పొందవలెను. 1950లో మైసూరున వెలసిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఇట్టి విషయములలో శిక్షణ నిచ్చుచున్నది.

ఇచ్చటనే అసలు ప్రశ్న ఎదురగును. ఉద్దానము మంచినీటికై అలమటించిన ప్రాంతము. అచ్చట మూత్రపిండముల వ్యాధి అనేక కుటుంబములను కృశింపజేసినది. వంశధార జలములను గొట్టముల ద్వారా గ్రామములకు చేర్చు పథకము 2023లో ప్రారంభమయ్యెను. అట్టిచోట కొళాయికి ప్రెస్సును తగిలించి, ప్రతి వాయికిని తిత్తెడు త్రాగునీటిని మురుగుకాలువలోనికి వదలుట న్యాయమగునా? యంత్రమును విక్రయించువారు కొళాయి యుండిన చాలునని చెప్పుదురు. నీరు సమృద్ధిగనున్న దేశములకు అది చెల్లును. మనకు చెల్లదు.

ఈ ప్రశ్నకు సమాధానమును కలకత్తాయే పూర్వము చూపినది. ఈ నగరమున తేర్చిన నీటికి ఒక గొట్టము, వీధులు కడుగుటకు వడగట్టని గంగనీటికి వేరొక గొట్టము ఏర్పరచిరి. మల్లిక్ ఘాటు పంపుశాల ఆ రెండవదాని కొఱకే వెలసినది. పనికి వాడు నీరును ప్రాణమునకు వాడు నీరును ఒక్కటి కారాదన్న వివేకము అందు కలదు. తిత్తిలోని నీరు పండ్లను తాకదు, మలినము కాదు, తరుగదు. కనుక దానిని పీపాలో పట్టి, చిన్న పంపుతో తిత్తిలోనికి పంపి, పని ముగిసిన పిమ్మట మరల పీపాలోనికే వదలినచో, ఒక్కసారి నింపిన నీరు కోతకాలమంతయు పనిచేయును. పంపును మూడు కిలోల ఒత్తిడి దాటనీయక ఆపు కవాటము మాత్రము తప్పనిసరి. లేనిచో తిత్తి పగులును.

బ్రామా నాటి తోలుపట్టీ మొదలు నేటి రబ్బరుతిత్తి వరకు సాగిన చరిత్రలో నీరు ఎన్నడును శక్తిని పుట్టింపలేదు. ఇతరులు పెట్టిన శ్రమను ఒకచోటి నుండి మరియొకచోటికి మోసినది. జూటు ప్రెస్సులలో ఆ శ్రమ బొగ్గుది. తాలాలో పురజనుల పన్నుది. తోటలో అది పంపుది కావలెనుగాని, దాహముతో బిందె పట్టుకొని నిలిచినవారిది కారాదు. ఈ యొక్క నియమమును పాటించినచో, జీడిచెట్ల క్రింద ఏటేట మ్రగ్గి మట్టిలో కలియుచున్న ఫలము రైతునకు రెండవ పంట కాగలదు.